తిన్నదంతా ఎటు పోతోంది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోనూ వాట్సాప్ మెసేజుల్లోనూ సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. సూర్యుడి ఎండ గడ్డిలోకి ఎలా వెళ్తుంది, గడ్డిలోంచి జింకలోకి, జింకలోంచి పులిలోకి ఎంత వెళ్తుంది, మధ్యలో ఎంత పోతుంది అని. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాం, మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల తప్పకుండా చూస్తాం.

ప్రశ్న: ఫిజిక్స్ సార్ ఏమో శక్తిని పుట్టించలేం, నాశనం చెయ్యలేం అంటారు. బయాలజీ మేడమ్ ఏమో ఆహార గొలుసులో ఒక మెట్టు ఎక్కేసరికి 90 శాతం శక్తి పోతుంది అంటారు. ఇద్దర్లో ఎవరు రైట్?
– పదో క్లాసు అమ్మాయి, ఖమ్మం

ఇద్దరూ రైటేనమ్మా. ఈ డౌట్ వచ్చిందంటేనే నువ్వు పాఠం బట్టీ కొట్టకుండా ఆలోచిస్తూ చదువుతున్నావని అర్థం, చాలామందికి డిగ్రీ అయిపోయినా ఈ డౌట్ రాదు. మేడమ్ "పోతుంది" అన్నది మాయమైపోతుందని కాదు, తర్వాత తినేవాళ్ళకి దొరక్కుండా పోతుందని.

ఒక గేదెని తీసుకుందాం. వేసిన మేతలో కొంత తొక్కేస్తుంది, ముదురు కాడలు వదిలేస్తుంది. తిన్నదాంట్లో కూడా అంతా అరగదు, అరగనిది పేడలో బయటికి వచ్చేస్తుంది. మరి పేడలో శక్తి ఉందా అంటే ఉంది, పిడక కొట్టి ఎండబెట్టి పొయ్యిలో పెడితే ఎలా మండుతుందో మీ అమ్మమ్మని అడుగు, ఆ మంటలో ఉన్నది గేదె అరిగించుకోలేకపోయిన గడ్డిలోని ఎండే. ఇక అరిగిందాంట్లో పెద్ద వాటా గేదె బతికుండటానికే ఖర్చయిపోతుంది, ఊపిరి పీల్చాలి, గుండె కొట్టుకోవాలి, నెమరెయ్యాలి, నడవాలి, ఈగల్ని తోలుకోవాలి, ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవాలి, ఈ పనులన్నిటి చివర మిగిలేది వేడే. చలికాలం పొద్దున్నే పశువుల కొట్టంలోకి అడుగు పెడితే బయటికన్నా వెచ్చగా ఉండేది అందుకే. మన సంగతీ అంతే, ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి కూడా దాదాపు 80 నుంచి 100 వాట్ల వేడి వస్తూనే ఉంటుంది, పెళ్ళి భోజనాల హాల్లో జనం నిండేకొద్దీ ఏసీ ఎందుకు సరిపోదో ఇప్పుడు అర్థమైంది కదా.

ఆ వేడి గాల్లో కలుస్తుంది, చివరికి భూమిని వదిలి ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. శక్తి నాశనం కాలేదు, కాబట్టి ఫిజిక్స్ సార్ మాట నిలబడింది. కానీ అలా చెదిరిపోయిన వేడిని పట్టుకుని మళ్ళీ గడ్డిగానో గింజగానో మార్చుకోగల మొక్క గానీ జంతువు గానీ లేదు, కాబట్టి మేడమ్ మాటా నిలబడింది. గేదె ఒంట్లో కండగా, కొవ్వుగా, దూడగా, పాలుగా మిగిలిందే తర్వాతవాళ్ళకి దొరికేది.

ఇంకో ముఖ్యమైన విషయం, పరీక్షలో చాలామంది ఇక్కడే తప్పు బొమ్మ వేస్తారు. కార్బన్, నైట్రోజన్, నీళ్ళు ఇవన్నీ తిరిగి తిరిగి వాడుకోవచ్చు, గేదె వదిలిన కార్బన్ డయాక్సైడే మళ్ళీ చేలో గడ్డిలోకి వెళ్తుంది, వీటిని గుండ్రంగా తిరిగే బాణాలతో వెయ్యాలి. శక్తి అలా కాదు, బండిలో పోసిన పెట్రోల్ లాంటిది, ఒకసారి కాలితే అయిపోయినట్టే, మళ్ళీ పోసుకోవాలి. ఎండ రోజూ కొత్తగా రావాల్సిందే. అందుకని శక్తికి ఒకవైపే వెళ్ళే బాణం వెయ్యి, ప్రతి మెట్టు దగ్గరా పక్కకి "వేడి" అని ఒక చిన్న బాణం గీయి, ఆ చిన్న బాణాలు మర్చిపోతే బొమ్మ సగమే వేసినట్టు.

ప్రశ్న: పై మెట్టుకి పది శాతమే చేరుతుందనే ఈ లెక్క ఎవరు కొలిచారు? అన్ని చోట్లా కచ్చితంగా పదేనా?
– ఇంటర్ లెక్చరర్, వరంగల్

కచ్చితంగా పది కాదు సార్, అది గుర్తుపెట్టుకోడానికి వీలుగా ఉండే సగటు మాత్రమే. కానీ ఈ లెక్క వెనక ఉన్న మనిషి గురించి మాత్రం మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి. రేమండ్ లిండెమన్ అని అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన కుర్రాడు. సీడర్ బాగ్ లేక్ అనే చిన్న చెరువులో నాచు ఎంత, దాన్ని తినే పురుగులెంత, వాటిని తినేవెంత అని ఏళ్ళ తరబడి కొలిచి, చెరువు మొత్తాన్నీ శక్తి జమాఖర్చుగా చూడొచ్చు అని పేపర్ రాశాడు. రివ్యూ చేసినవాళ్ళు మొదట వద్దన్నారు, ఇదంతా ఊహాగానం, ఇంకా డేటా కావాలన్నారు. యేల్‌లో ఆయనకి గురువుగా ఉన్న హచిన్సన్ గట్టిగా నిలబడబట్టి 1942లో అచ్చయింది, కానీ అచ్చయ్యేసరికి లిండెమన్ లేడు, అదే ఏడాది జూన్‌లో 27 ఏళ్ళు నిండకముందే జబ్బు చేసి చనిపోయాడు. ఇవాళ ప్రపంచంలో ప్రతి స్కూల్ పుస్తకంలోనూ ఉన్న ఆ మెట్ల బొమ్మకి పునాది వేసిన మనిషి దాన్ని అచ్చులో చూసుకోలేదు, ఇది తలుచుకున్నప్పుడల్లా మనసుకి కష్టంగా ఉంటుంది. ఆయన కొలిచిన చెరువులో శాకాహారుల మెట్టు దగ్గర 13 శాతం దాకా, మాంసాహారుల దగ్గర 22 శాతం దాకా వచ్చింది, అంటే ఆ మొదటి చెరువులోనే పది రాలేదు.

క్లాసులో బోర్డు మీద వెయ్యడానికి మంచి అంకెలు కావాలంటే ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ తీసుకోండి. అదొక పెద్ద నీటి ఊట, నీళ్ళు అడుగు దాకా కనపడతాయి. హోవర్డ్ ఓడమ్ అనే పర్యావరణ శాస్త్రవేత్త దాని లెక్కలు 1957లో బయటపెట్టాడు. అన్నీ చదరపు మీటరుకి ఏడాదికి కిలోకేలరీల్లో చెప్తున్నా. మొక్కలు పట్టుకున్న ఎండ 4,10,000. దాంతో అవి తయారుచేసిన ఆహారం 20,810, ఇందులో 11,977 మొక్కలే తమ బతుకు కోసం వాడేసుకున్నాయి (మొక్కలు కూడా ఊపిరి తీసుకుంటాయని పిల్లలు ఎప్పుడూ మర్చిపోతారు), మిగిలింది 8,833. శాకాహారుల దాకా చేరింది 3,368, వాటిని తినేవాటికి 383, ఆ పై మెట్టు పెద్ద చేపలకి చేరింది 21. పిల్లల చేత భాగహారం చేయించండి, మొక్కలు చేసిన మొత్తం ఆహారంతో మొదలుపెడితే 16 శాతం, 11 శాతం, తర్వాత అయిదున్నర వస్తాయి. పది చుట్టూ తిరుగుతున్నాయి గానీ ఎక్కడా పది లేదు. నాలుగు లక్షలతో మొదలై 21 దగ్గర ఆగింది, అయిదో మెట్టు ఎందుకు లేదో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర చేపల చెరువు. ఏళ్ళ నుంచి శీలావతి, బొచ్చె వేస్తున్నాం. మా అబ్బాయి కొరమీను వేద్దాం, రేటు బాగుంది అంటున్నాడు. ఇంకోటి, నీళ్ళు పచ్చగా ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సన్నటి మొక్కలు, జీవులు) బాగా పట్టినా తెల్లారేసరికి చేపలు పైకొచ్చి గుటకలేస్తున్నాయి. ఇదీ మీరు చెప్పే శక్తి లెక్కేనా?
– చేపల రైతు

రెండూ ఆ లెక్కేనండీ, నిజానికి ఈ సబ్జెక్టు మీకు తెలిసినంత దగ్గరగా పుస్తకాలు రాసేవాళ్ళకి కూడా తెలియదు.

ముందు మొదటిది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీళ్ళ పైభాగంలో తేలే సన్నటి జంతు ప్లాంక్టన్ తింటుంది. శీలావతి నడుమ నీళ్ళలో నాచు, మొక్కల తునకలు చూసుకుంటుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది, అడుగున కుళ్ళినదాన్ని తింటుంది. ఎవరి అంతస్తు వాళ్ళది, ఒకరి మేతకి ఇంకొకరు పెద్దగా అడ్డురారు, ఎండకీ చేపకీ మధ్య ఒకట్రెండు మెట్లకి మించి లేవు. అందుకే ఒక ఎకరంలో అన్ని టన్నులు తియ్యగలుగుతున్నారు. దీనికి తోడు మీరు చిల్లులు పెట్టిన ఎరువుల సంచుల్లో తవుడు, నూనె తీసిన చెక్క నింపి గెడలకి కట్టి వేలాడదీస్తారు కదా, చేపలు వచ్చి సంచిని పొడుచుకుని తింటాయి, ఆ తవుడు ఏంటంటే ఎక్కడో వరి చేల మీద పడ్డ ఎండ. అంటే మీ చెరువు తన మీద పడ్డ ఎండతో పాటు పక్క ఊళ్ళ పొలాల మీద పడ్డ ఎండ కూడా వాడుకుంటోంది. ఒక్క చెరువు నీళ్ళ మీద పడే ఎండతో ఇన్ని చేపలు పెరగడం కుదరదు.

కొరమీను వేటాడే చేప. దానికి చిన్న చేపలు, రొయ్యలు, కప్పపిల్లలు కావాలి, అంటే అది ఒకటో రెండో మెట్లు పైన కూర్చుంది. మామూలు కుంటలో కొరమీను ఎప్పుడూ తక్కువగానే దొరకడానికి ఒక పెద్ద కారణం ఇదే, కింద బోలెడు చిన్న చేపలుంటే తప్ప పైన ఒకటి పెరగదు. పెంపకంలో అయితే ప్రోటీన్ ఎక్కువగా ఉండే పిల్లెట్ మేత వేస్తారు, ఆ మేతలో చాలాసార్లు సముద్రపు చేపల పొడి ఉంటుంది, అంటే ఆ మెట్టు ఖర్చు తప్పలేదు, సముద్రంలో ఎక్కడో జరిగిపోయి సంచీ ధరలో కలిసి మీ దగ్గరికి వచ్చింది. వెయ్యండి, వద్దు అని మేం చెప్పం, మార్కెట్ సంగతి మీకే బాగా తెలుసు, కానీ మీ అబ్బాయి లెక్క వేసేటప్పుడు అమ్మకం రేటు ఒక్కటే కాకుండా కిలో చేపకి మేత ఖర్చెంతో పక్కన రాసుకోమనండి.

ఇక తెల్లారుజాము గుటకలు. పగలు ప్లాంక్టన్ ఎండతో ఆహారం చేసుకుంటూ నీళ్ళలోకి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దు కుంకాక ఆ తయారీ ఆగిపోతుంది, కానీ ఊపిరి ఆగదు, ప్లాంక్టనూ పీలుస్తుంది, చేపలూ పీలుస్తాయి, అడుగున బురదలో మేత కుళ్ళబెడుతున్న బాక్టీరియా అందరికన్నా గట్టిగా పీలుస్తుంది, రాత్రంతా ఖర్చే గానీ జమ లేదు, అందుకని సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది. ముందు రోజు మబ్బు పట్టి ఉంటే పగటి జమ కూడా తక్కువ, ఆ మర్నాడు ఇంకా ప్రమాదం. నీళ్ళు మరీ పచ్చగా ఉండటం బలం అనుకుంటారు గానీ రాత్రి పూట అదే బరువు. మీ వైపు పాత రైతులు చేసే పరీక్షే మంచిది, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ముంచి అరచెయ్యి చూడండి, మోచెయ్యి మునిగేసరికి అరచెయ్యి కనపడకుండా పోతే సరిగ్గా ఉన్నట్టు, మణికట్టు దగ్గరే అరచెయ్యి మాయమైపోతే ప్లాంక్టన్ మితిమీరినట్టు. అలాంటప్పుడు పేడ, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు ఆపండి, మేత తగ్గించండి, వీలుంటే కొంత నీళ్ళు మార్చండి, ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే మిషన్లు) ఉంటే అర్ధరాత్రి దాటాక వేసి పొద్దెక్కేదాకా ఉంచండి.

ప్రశ్న: నల్లమల అంత పెద్ద అడవి కదా, పులులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఎందుకుంటాయి? వేట ఒక్కటే కారణమా?
– ఒక పాఠకుడు, మార్కాపురం

వేట పెద్ద కారణమే, కాదనం. కానీ వేట అసలు లేకపోయినా పులులు జింకలంత మంది ఉండవు, ఉండలేవు. ఒక పులికి ఏడాదికి దుప్పి సైజు జంతువులు 50 దాకా కావాలని అడవి పరిశోధకుల అంచనా. ఏటా 50 తీసేసినా మంద తగ్గకుండా ఉండాలంటే ఆ పులి తిరిగే చోట 500 దాకా దుప్పులు, కణుజులు, అడవి పందులు ఉండాలి. ఒక్కోటి సగటున 50 కిలోలు వేసుకున్నా పాతిక వేల కిలోల జంతువుల మీద ఒకే ఒక్క పులి. ఆ 500 జంతువుల కింద ఎంత గడ్డి, ఎన్ని ఆకులు, ఎంత నీరు ఉండాలో చూసుకోండి. దేశం మొత్తమ్మీద 2022 లెక్కల్లో తేలిన పులులు సగటున 3,682. అందుకే అడవిలో గొడ్లు ఎక్కువ మేసినా, వేసవిలో అగ్గి పెట్టినా, అడవి పంది కోసం ఉచ్చు పెట్టినా పులిని ముట్టుకోకుండానే పులిని తగ్గించినట్టే, ఈ మాట మీ ప్రాంతం వాళ్ళకి బాగా చెప్పాల్సిన మాట.

ప్రశ్న: కోరంగి మడ అడవిలో బోర్డువాక్ మీద నడిచాం. చెట్ల ఆకులు ఎవరూ తింటున్నట్టు కనపడలేదు, అన్నీ బురదలో రాలిపోతున్నాయి. మరి అన్ని పీతలు, చేపలు దేని మీద బతుకుతున్నాయి?
– గృహిణి, కాకినాడ

బాగా గమనించారు. అవి బతికేది ఆ రాలిన ఆకుల మీదేనండీ. ఆహార గొలుసు అనగానే మనం గడ్డి, జింక, పులి అని మొదలుపెడతాం గానీ చాలా అడవుల్లో పచ్చి ఆకుని చెట్టు మీదే తినేవాటి వాటా పదో వంతు చుట్టుపక్కలే, మిగతా అంతా రాలి, కుళ్ళి, ఆ దారిలోనే వెళ్తుంది. మడ అడవిలో ఇది మరీ స్పష్టంగా కనపడుతుంది. ఆకు బురదలో పడగానే కొన్ని పీతలు దాన్ని బొరియలోకి లాక్కెళ్ళిపోతాయి. మిగిలినదాని మీద బూజు, బాక్టీరియా పడతాయి, ఆకు నల్లబడి తునకలవుతుంది. ఇక్కడే అసలు విశేషం, పచ్చి మడ ఆకు గట్టిగా, వగరుగా ఉండి ఎవరికీ పెద్దగా పనికిరాదు, కానీ సూక్ష్మజీవులు పట్టాక ఆ తునకలో ప్రోటీన్ వాటా పెరుగుతుంది. రొయ్య పిల్లలు, పురుగులు, చిన్న పీతలు ఆ తునకల్ని మింగి వాటి మీదున్న సూక్ష్మజీవుల్ని అరిగించుకుని మిగతాది వదిలేస్తాయి, వదిలినదాని మీద మళ్ళీ సూక్ష్మజీవులు పడతాయి. ఆ రొయ్యల మీద చేపలు, చేపల మీద కొంగలు, నీటికుక్కలు, కోరంగిలో పేరున్న ఫిషింగ్ క్యాట్లు (చేపలు పట్టే అడవి పిల్లులు). మీ ఊరి మార్కెట్లో దొరికే రొయ్య, పీత చాలావరకు ఏదో ఒక దశలో ఇలాంటి బురద దాటి వచ్చిందే.

ఈ కుళ్ళబెట్టేవాళ్ళు కూడా శక్తి ఖర్చు పెట్టి వేడి వదులుతారు, బురదలో తెలియదు గానీ పల్లెలో పెంటపోగు మధ్యలోకి తవ్వి చూస్తే తెలుస్తుంది, ఆవిరి తన్నుకొస్తుంది, చెయ్యి పెట్టలేం, బాగా పేర్చిన కంపోస్ట్ కుప్పలో 60 డిగ్రీల దాకా వెళ్తుంది. అది ఎండ వేడి కాదు, లోపల కోట్ల కోట్ల జీవుల ఊపిరి వేడి.

ప్రశ్న: మెట్టు మెట్టుకీ ఇంత పోతుంటే మాంసం తినడం వేస్ట్ కదా అని మా అమ్మాయి వీగన్ (పాలు, గుడ్లు కూడా ముట్టనివాళ్ళు) అయిపోయింది, ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఆమె లెక్క కరెక్టేనా?
– తెలుగు కుటుంబం, డాలస్

లెక్క కరెక్టే, గొడవ పడకండి. మీరుండే దేశంలో పండే మొక్కజొన్నలో చాలా భాగం పశువుల దాణాకి, ఇథనాల్‌కి పోతుంది, అలాంటి చోట ఆమె మాటకి బలం ఉంది. కాకపోతే రెండు విషయాలు ఆమె కూడా చూడాలి. అనంతపురం మెట్టల్లో మేకలు తినేది మనం తినలేని కంప, గడ్డి, అక్కడ వరి పండదు. గేదె తినేది వడ్లు తీసేశాక మిగిలిన వరిగడ్డి. మనకి అందని శక్తిని మనకి అందేలా చేసే జంతువూ, మనం తినగలిగే గింజలు తిని పెరిగే జంతువూ ఒకటి కావు. రెండోది, బ్రాయిలర్ కోడి కిలో బరువు పెరగడానికి కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా చాలంటారు, మరి పది శాతం ఏమైంది అనిపిస్తుంది. దాణా పొడిగా ఉంటుంది, కోడి బరువులో మూడింట రెండు వంతుల దాకా నీళ్ళే, అందుకని కిలోలకి కిలోలు పోల్చకూడదు. పైగా దాన్ని కదలనివ్వకుండా నలభై రోజుల్లోనే అమ్మేస్తారు కాబట్టి తిరుగుళ్ళకి, ముసలితనానికి ఖర్చు లేదు, అడవి కోడికి ఆ సౌకర్యం లేదు. ఒంటి వేడి ఖర్చు లేని పురుగులైతే అరిగించుకున్నదాంట్లో 40 శాతం దాకా ఒంటికి పట్టించుకోగలవు, చేపలు పది దగ్గర, వెచ్చటి రక్తం ఉన్న జంతువులూ పక్షులూ మామూలుగా మూడు శాతం లోపే.

ప్రశ్న: సముద్రంలో కొన్నిచోట్ల తినబడే ప్లాంక్టన్ కన్నా తినే ప్లాంక్టన్ బరువే ఎక్కువట. అప్పుడు మెట్లు తలకిందులైనట్టు కాదా?
– రిటైర్డ్ టీచర్, విశాఖపట్నం

బరువు మెట్లు తలకిందులవుతాయి సార్, శక్తి మెట్లు ఎప్పుడూ కావు. మొక్క ప్లాంక్టన్ ఒకట్రెండు రోజుల్లోనే రెట్టింపవుతుంది, పుట్టింది పుట్టినట్టు తినేస్తారు, అందుకని ఏ క్షణం తూచినా కొంచెమే ఉంటుంది, ఏడాది పొడుగునా మొత్తం ఎంత పుట్టిందో కూడితే మాత్రం పైవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎండ అసలు చేరని చోట ఏంటని కూడా అడిగారు, 1977లో గాలపగోస్ దగ్గర సముద్రం అడుగున వేడి ఊటలు దొరికినప్పుడు అక్కడ ఎండ బదులు హైడ్రోజన్ సల్ఫైడ్‌తో ఆహారం చేసుకునే బాక్టీరియా మీద పెద్ద పెద్ద గొట్టపు పురుగులు, ఆల్చిప్పలు బతుకుతూ కనిపించాయి. అక్కడా శక్తి ఒకవైపే వెళ్తుంది.

ప్రశ్న: పై మెట్టుకి వెళ్ళేకొద్దీ శక్తి తగ్గుతుందన్నారు, పురుగుమందు మాత్రం పెరుగుతుందంటారు. రెండూ తిండి ద్వారానే కదా వెళ్ళేది, ఇదెలా?
– మిర్చి రైతు, గుంటూరు జిల్లా

మీరు అడిగింది చాలా అవసరమైన ప్రశ్న. శక్తి తగ్గడం వల్లే మందు పెరుగుతుంది. చేప ఒక కిలో పెరగడానికి ఎన్నో కిలోల తిండి తిని దాంట్లో ఎక్కువ భాగం కాల్చేస్తుంది. డీడీటీ లాంటి పాత మందులు ఒంట్లో కాలవు, నీళ్ళలో కరిగి మూత్రంలో పోవు, కొవ్వులో కరిగి అక్కడే కూర్చుంటాయి. తిండి కాలిపోయింది, తిండిలోని మందు మిగిలింది. ఆ చేపల్ని ఎన్నో తిన్న పక్షిలో ఇంకా మిగులుతుంది. కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అనే సరస్సులో కుట్టని దోమల్లాంటి పురుగుల కోసం 1949లో, మళ్ళీ 1954లో, 1957లో డీడీటీకి దగ్గర చుట్టం అయిన డీడీడీ చల్లారు. నీళ్ళలో అది పది లక్షల్లో 0.02 వంతే, ప్లాంక్టన్‌లో 5 వంతుల దాకా చేరింది, చేపలు తినే గ్రీబ్ పక్షులు చచ్చిపడితే వాటి కొవ్వులో 1,600 వంతులు ఉంది. నీళ్ళతో పోలిస్తే 80 వేల రెట్లు.

ఇప్పుడు మీరు కొడుతున్న మందుల్లో చాలావాటికి అలా కొవ్వులో పేరుకునే గుణం అంతగా లేదు, అలా పేరుకునే ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీం కోర్టు ఆపించింది. కానీ ఇప్పటి మందుల్లో కొన్ని పేరుకోకపోయినా చేపలకీ రొయ్యలకీ ఉన్నపళంగా విషం, ముఖ్యంగా పైరిథ్రాయిడ్ రకాలు, అందుకని స్ప్రేయర్ కడిగిన నీళ్ళు కాలవలోకి వదలకుండా చేలోనే గట్టుకి దూరంగా పొయ్యండి.